అత్తగారి మీదుగా దారి

ఇల్లు విడిచిపెట్టడం డార్కస్ పెటింగిల్‌కి కొత్త కాదు. వర్జీనియాలో పుట్టింది. పెళ్లయిన మూడో ఏట కెంటకీ వెళ్లింది. అక్కడ అడవి కొట్టి, మొద్దులు పీకి, మొదటి మంచి పంట ఇంటికి చేరిన ఏడాదే ఇండియానాకి కదిలింది. ఇండియానాలో బావి నీళ్లు నోటికి అలవాటు పడేసరికి అయోవాకి ప్రయాణం. ఇన్నిసార్లలో ఒక్కసారైనా ఆమెను అడిగినవాళ్లు లేరు. మొగుడు ఈనస్ కాలికి బలపం కట్టుకుని పుట్టిన మనిషి. పొరుగువాడి పొగగొట్టం కంటికి ఆనితే చాలు, తనకు ఊపిరాడడం లేదనేవాడు. ఏదో ఒక పొద్దున్న గుమ్మంలో నిలబడి, పడమటి వైపు చూస్తూ మీసం దువ్వుకునేవాడు. అది చూడగానే డార్కస్ మారుమాటాడకుండా లోపలికెళ్లి పింగాణీ గిన్నెలకు గడ్డి చుట్టడం మొదలుపెట్టేది. కెంటకీలో ఒక బిడ్డనీ, ఇండియానాలో ఇద్దరినీ మట్టికి అప్పగించి బండెక్కింది. మిగిలింది సైలస్ ఒక్కడే.

ఈ కథంతా కోడలు తిర్జాకు కంఠతా వచ్చు. ఆరేళ్లుగా ఇద్దరిదీ ఒకే పొయ్యి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఈ రెండు కత్తులూ ఇమిడాయి, కాకపోతే రోజంతా గలగలమంటూనే ఉండేవి. రొట్టె మాడితే అత్త, "మీ అమ్మ నీకు పొయ్యి చూపించే పెళ్లి చేసిందా?" అనేది. "చూపించింది అత్తా, పొయ్యి దగ్గర ఇంకొకరు కూర్చుంటారని మాత్రం చెప్పలేదు" అని కోడలు. అంతటితో ఆ పూటకు సరి.

అయోవాలో ఈనస్ పోయాడు. ఏడాది తిరిగాక డార్కస్ తలుపుకి కొత్త గడియ పెట్టించింది. ఇక తనను కదిపేవాడు లేడని ఆమె ధీమా. ఆ ధీమా రెండు చలికాలాలు నిలిచింది. మూడో చలికాలం పోతూ ఉండగా ఒక పొద్దున్న సైలస్ గుమ్మంలో నిలబడ్డాడు. అదే గుమ్మం, అదే చూపు. మీసం ఒక్కటే కొత్తది.

"ఏం చూస్తున్నావురా?" అంది డార్కస్.

"ఒరెగాన్, అమ్మా."

"ఇక్కణ్ణించి అగుపిస్తోందా? నా కంటికి పందుల దొడ్డే ఆనుతోంది."

"ఇదే ఆఖరుసారి. అక్కడికెళ్తే ఇక కదిలేది లేదు. అంతా నల్లమట్టి. మంచు కూడా పెద్దగా పడదట."

"మీ నాన్న కూడా ప్రతిసారీ ఆఖరే అన్నాడు. చివరికి ఆయన ఆఖరొచ్చింది గానీ ఆఖరుసారి రాలేదు."

అంటూనే గిన్నెల వైపు నడిచింది. తిర్జా పక్కకు తప్పుకుని గడ్డి మోపు అందించింది. ఆమెను కూడా ఎవరూ అడగలేదు. కానీ తిర్జాకు అప్పటికి ఇరవై ఐదేళ్లు. ఆ వయసులో అడగకపోవడం అంత పెద్ద లోటుగా తోచదు.

పద్దెనిమిది వందల యాభై రెండు, ఏప్రిల్ నెలాఖరు. పడమటి కొసన ఉన్న ఒరెగాన్‌కి ఇరవై నాలుగు బళ్ల బిడారు. దానికి పెద్ద ఓజియస్ క్రేన్ అనే గడ్డపాయన. అంతకు ముందొకసారి ఈ దారి వెళ్లి వచ్చినవాడు. పెటింగిల్ వాళ్ల బండికి మూడు జతల ఎద్దులు. బండి నిండా పిండి, ఉప్పేసిన పంది మాంసం, చిక్కుడు గింజలు, ఎండు ఆపిల్ ముక్కలు, కాఫీ, విత్తనాలు, నాగలి కర్రు. మనుషులకు చోటు లేదు. ఉన్నా ఆ కుదుపుకి పేగులు తారుమారవుతాయి. అందుకని అందరూ నడిచేవాళ్లు. అరవై మూడేళ్ల డార్కస్ కూడా నడిచింది. నాలుగేళ్ల మనవరాలు లవీనా ఆమె గౌను అంచు పట్టుకుని నడిచేది, అలిసిపోతే బండెక్కి పిండి బస్తాల మీద నిద్రపోయేది.

ప్లాట్ నది వెంట కట్టెలు దొరకవు. అడవిదున్నల ఎండు పేడే వంటచెరకు. ఆడవాళ్లు నడుస్తూనే ఒళ్లో ఏరుకునేవాళ్లు. మొదటి రోజు వేళ్ల కొసలతో పట్టుకున్నవాళ్లు, పదోనాటికి ఆ చేత్తోనే రొట్టెపిండి పిసికారు. "వర్జీనియాలో మా అమ్మమ్మకి వెండి చెంచాలుండేవి. నేను పేడ మీద రొట్టె కాల్చుకుంటున్నా. పడమటికి పోయేకొద్దీ మా వంశం పైకొస్తోంది" అనేది డార్కస్. చుట్టుపక్కల పొయ్యిల దగ్గర నవ్వులు రేగేవి.

ఆడవాళ్లకు ఇంకో పని కూడా ఉండేది. దారి పక్కన సమాధులు లెక్కపెట్టడం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ రాయడం వచ్చిన ప్రతి ఆడదీ ఆ లెక్క రాసుకునేది. తిర్జా పుస్తకంలో మే నెల పేజీలన్నీ ఒకే తీరు. పద్దెనిమిది మైళ్లు, ఏడు సమాధులు. పదిహేను మైళ్లు, పన్నెండు సమాధులు. ఆ ఏడు కలరా ముందు బళ్లలోనే ప్రయాణం చేసింది. మగవాళ్లు గడ్డి ఎక్కడుందని చూస్తే ఆడవాళ్లు పేర్లు చదివేవాళ్లు. బండి పలకల మీదా, పీపా మూతల మీదా కాల్చిన కడ్డీతో రాసిన పేర్లు. కొన్నింటి కింద మనిషి లేడు. తోడేళ్లు తవ్వేశాయి. ఒకచోట జుట్టు ముడి, అందులో దువ్వెన అలాగే ఉండడం అత్తాకోడళ్లిద్దరూ చూశారు. డార్కస్ ఆ దువ్వెన మీద ఇంత మట్టి తోసి, చేతులు దులుపుకుంది. ఆ సాయంత్రం ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు. తిర్జాకు అదే ఎక్కువ భయమేసింది.

వాళ్ల బిడారులో మొదట పోయినవాడు కమ్మరి లెమ్యుయెల్. పొద్దున్న ఎద్దుకి నాడా కొట్టాడు, రాత్రికి లేడు. ఓజియస్ అతన్ని దారి పక్కన పెట్టనివ్వలేదు. దారి నడిమధ్య, బండి చక్రాల గాడుల మధ్యనే గొయ్యి తీయించాడు. పొద్దున్నే నాలుగు మాటలు ప్రార్థన చేసి, మట్టి కప్పి, ఎద్దుల్ని కట్టించి, ఇరవై నాలుగు బళ్లూ ఒకదాని వెనక ఒకటి దాని మీదుగా తోలించాడు. వెనకాల విడి పశువుల్ని కూడా అదే దారిన నడిపించాడు. పలక లేదు, రాయి లేదు. అలా తొక్కించిన నేలను తోడేలు వాసన పట్టలేదు. అలవాటైన పద్ధతే. పోయినవాడి వాళ్ల బండి మాత్రం అన్నిటికన్నా వెనక వస్తుంది. వాళ్లు వచ్చేసరికి అది సమాధి కాదు, దారి.

డార్కస్ ఒక పక్కన నిలబడి బళ్లన్నీ పోయేదాకా చూసింది.

ఫోర్ట్ లారమీ సైనిక స్థావరం దాటాక ఆమెకు రక్త విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజులు నడుస్తూనే ఉంది. నాలుగో రోజు తిర్జా ఆమెను బండిలో పడుకోబెట్టింది. చక్రం రాయెక్కినప్పుడల్లా లోపలి నుంచి తిట్టు వినిపించేది. తిట్టు వినిపిస్తే తిర్జా నిశ్చింతగా నడిచేది. స్వీట్‌వాటర్ వాగు దగ్గరికొచ్చేసరికి తిట్లు తగ్గిపోయాయి.

మధ్యాహ్నం మజిలీలో తిర్జా గంజి పట్టుకెళ్తే డార్కస్ గిన్నె పక్కకు తోసింది.

"ఇలా కూర్చో. సైలస్ ఎక్కడున్నాడు?"

"ఎద్దుల్ని నీళ్లకి తోలాడు. పిలవనా?"

"వద్దు. వాడికి చెప్తే వాడు ఓజియస్‌ని అడుగుతాడు. ఓజియస్ వాళ్ల అలవాటు చెప్తాడు. నీకే చెప్తున్నా. నన్ను ఆ కమ్మరిని పెట్టినట్టు పెట్టొద్దు."

"ఇప్పుడా మాటలెందుకత్తా? గంజి తాగు."

"తాగుతా, ముందు విను. బతికున్నన్నాళ్లూ ఈనస్ బండి నా మీదుగానే నడిచింది. నేను నోరెత్తలా. చచ్చాకన్నా పక్కన పడుకోనివ్వండి. నా మీద బండి తోలకండి. పక్కన పెట్టి, పేరు రాసి, రాళ్లు పేర్చు."

"అత్తా, ఆ దువ్వెన నువ్వూ చూశావు కదా..."

"చూశా. నువ్వు రాళ్లు ఎక్కువ పేర్చు. పని తప్పించుకోవడం నీకు మొదట్నించీ అలవాటే."

తిర్జాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. డార్కస్ చెయ్యి చాచింది. ఆ చెయ్యి అప్పటికే తేలికైపోయింది. తిర్జా అందులో చెయ్యేసి మాటిచ్చింది. డార్కస్ అప్పుడు గంజి రెండు గుక్కలు తాగి, "ఉప్పు మర్చిపోయావు" అంది.

ఆదివారం బిడారు కదలదు. ఓజియస్‌కి ఆ నియమం ఉంది. ఆ ఆదివారం మధ్యాహ్నమే డార్కస్ పోయింది. లవీనా పక్కనే కూర్చుని పూసలు గుచ్చుకుంటోంది, నానమ్మ నిద్రపోయిందనుకుంది. సైలస్ బండి వెనక్కెళ్లి ఎద్దుకాడిని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. తల్లి కోసం ఏడవడం తనకే కొత్తగా ఉన్నట్టు, చప్పుడు లేకుండా ఏడ్చాడు.

తెల్లారి బయల్దేరే ముందు పూడ్చాలి, గొయ్యి మాత్రం ఆ పొద్దే తీయాలి. ఓజియస్ గడ్డపార పట్టుకుని గాడుల మధ్యకు నడిచాడు. తిర్జా వెళ్లి అడ్డం నిలబడింది.

"ఇక్కడ కాదు పెద్దాయనా. అదిగో, ఆ మిట్ట మీద."

"ఇసక నేలమ్మా. రెండో రోజుకి తవ్వేస్తాయి."

"రాళ్లు పేరుస్తాను. నేను మాటిచ్చాను."

ఓజియస్ సైలస్ వైపు చూశాడు. సైలస్ తన పెళ్లాం వైపు చూశాడు. "అమ్మ నాకేం చెప్పలేదే" అన్నాడు.

"నీకెందుకు చెప్తుంది? నీకు చెప్తే ఏం జరుగుతుందో అదే ఇప్పుడు జరుగుతోంది."

ఓజియస్ గడ్డం గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు. "పొద్దు గుంకేలోపు రాళ్లు పోగుచెయ్యమ్మా. నడుమెత్తు కుప్ప పడితే మిట్ట మీదే తవ్విస్తాను. లేకపోతే దారిలోనే" అన్నాడు.

తిర్జా గౌను చేతులు పైకి మడిచింది. పక్క బళ్ల ఆడవాళ్లు ఇద్దరు కాసేపు సాయం వచ్చారు. చుట్టూ చేదు తుప్పలు, ఇసక. దొరికిన రాళ్లు బంగాళదుంప అంత, మహా అయితే రొట్టె అంత. రెండు గంటలు మోసినా కుప్ప మోకాలు దాటలేదు. వంట వేళయిందని సాయం వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. తిర్జా ఒక్కతే వాగు వెంట పైకి నడిచింది.

అర మైలు దూరంలో ఆమెకు రాళ్ల కుప్ప కనపడింది. పెద్ద పెద్ద రాళ్లు, ఎవరో ఒకచోట చేర్చి పెట్టినట్టే ఉన్నాయి. ఆమె ప్రాణం లేచి వచ్చింది. సైలస్‌నీ ఇంకో నలుగురినీ పిలిస్తే గంటలో మోసేయొచ్చని లెక్క కూడా వేసుకుంది. పరుగులాంటి నడకతో దగ్గరికెళ్లింది.

అది సమాధి. తలవైపు పలక ఉంది. దాని మీద శ్రద్ధగా, వంకర లేకుండా రాసిన పేరు. మార్తా, వయసు ఇరవై ఎనిమిది. కింద తేదీ చూస్తే పదకొండు రోజుల నాటిది. ఎవరో ప్రాణం పెట్టి పేర్చిన రాళ్లవి, పైన ఒక్కటి కూడా కదల్లేదు. తోడేళ్లు పక్క నుంచి తవ్వుకుని లోపలికెళ్లాయి. తుప్పలకు దుప్పటి ముక్కలు చిక్కుకుని ఉన్నాయి. కొంచెం అవతల ఇంకేవో ఉన్నాయి. తిర్జా అటు రెండోసారి చూడలేదు.

కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి చేతులతో ఆ గుంటలోకి ఇసక తోసింది. అది ఎంతమాత్రం సరిపోదని తెలిసే తోసింది. ఇప్పుడు ఆమె ముందు రెండే ఉన్నాయి. మాట నిలబెట్టుకుంటే అత్త తోడేళ్ల పాలవుతుంది. అత్తను కాపాడుకోవాలంటే మాట తప్పాలి. తప్పిన సంగతి చచ్చినావిడకు తెలియదని ఎవరైనా అనొచ్చు. తిర్జాకు తెలుస్తుంది కదా.

బిడారు చేరేసరికి పొయ్యిలు మండుతున్నాయి. సైలస్ ఎదురొచ్చాడు. ఆమె చేతులు చూసి ఏమిటని అడగబోయాడు.

"దారిలోనే తీయించు" అంది తిర్జా.

"మరి మాటిచ్చానన్నావు?"

"ఇచ్చాను. తప్పుతున్నాను. ఇంకేమీ అడక్కయ్యా."

పొద్దున్నే డార్కస్‌ని ఆమె ఉన్ని దుప్పట్లో చుట్టి గాడుల మధ్య దించారు. ఓజియస్ బైబిలు వాక్యం చదివాడు. ఆడవాళ్లు పాడారు. మట్టి కప్పాక ఓజియస్ అలవాటు ప్రకారం, "మీ బండి వెనక రానివ్వండి" అన్నాడు.

"మాదే ముందు. నేనే తోలతాను" అంది తిర్జా.

"అదేంటే?" అన్నాడు సైలస్. "చూడలేవని కదా వెనక పెట్టేది!"

"మాట తప్పేది నేను. దాన్ని ఇరవై ముగ్గురి చేత చేయించి, నేను వెనకాల కళ్లు మూసుకుని రానా?"

సైలస్ కొరడా ఆమె చేతికిచ్చి, లవీనాను ఎత్తుకున్నాడు.

తిర్జా ఎడమవైపు దాపటెద్దు పక్కన నిలబడి అదిలించింది. ముందు జత నాలుగడుగులు వేసి ఆగిపోయింది. కొత్త మట్టి మీద ఎద్దు అంత తేలిగ్గా కాలు పెట్టదు. దాపటిది ముట్టె కిందికి దించి, బుసకొట్టి, వెనక్కి తగ్గింది. వెనకాల ఇరవై మూడు బళ్లు ఎదురుచూస్తున్నాయి. ఒక్కరు కూడా కేక వేయలేదు. కేక వేసి ఉంటే ఆమెకు కొంచెం తేలికయ్యేది. ఆ మట్టికేసి చూస్తూ, అందరూ వింటుండగానే మాట్లాడింది.

"కోపం పెట్టుకో అత్తా. పెట్టుకోవాల్సిందే. కానీ నిన్ను వాటి పాలు మాత్రం చెయ్యను. నా వల్ల కాదు."

ఏడుస్తూనే కొరడా ఝళిపించింది. ఎద్దులు కదిలాయి. ముందు చక్రం మెత్తటి మట్టిలో జానెడు దిగి, పైకి లేచింది. వెనక చక్రం కూడా అలాగే దిగి లేచింది. ఆగకుండా నడిచింది. ఆమె వెనక రెండో బండి చక్రం అంత లోతు దిగలేదు. పదో బండికి అసలు దిగలేదు. పశువుల మంద కూడా దాటాక తిర్జా వెనక్కి తిరిగి చూసింది. దుమ్ము, గాడులు, ఎక్కడ చూసినా ఒకే దారి. పదిహేను నిమిషాల్లో తన అత్త ఎక్కడుందో తనకే తెలియకుండా పోయింది. ఆ సాయంత్రం పుస్తకంలో పదహారు మైళ్లు అని రాసింది. సమాధుల లెక్క ఆ రోజు రాయలేదు, ఆ తర్వాత కూడా రాయలేదు.

అక్టోబరులో ఒరెగాన్‌లోని విలమెట్ లోయకు చేరారు. ఆ రోజుల్లో అక్కడి చట్టం ప్రకారం మొగుడి పేరు మీద నూట అరవై ఎకరాలు, పెళ్లాం పేరు మీద ఇంకో నూట అరవై. సైలస్ తనకు నచ్చిన పక్క తను పట్టాడు. వాగు ఒడ్డు నుంచి ఓక్ చెట్ల దాకా ఉన్న పక్క తిర్జాది. భూముల కచేరీలో కాగితం మీద ఆమె తన పేరు తనే రాసింది. గుమాస్తా, "మీ ఆయన రాస్తే చాలమ్మా" అంటే, "నాకూ చెయ్యుంది" అంది. నేల సైలస్ చెప్పినట్టు నల్లదే. మంచు కూడా పెద్దగా పడదు. ఆ సంగతుల్లో అతను అబద్ధమాడలేదు. ఇంకో ముగ్గురు పిల్లలు పుట్టారు. గోధుమ పండింది, ఆపిల్ తోట కాపుకొచ్చింది, చుట్టుపక్కల ఊరు పెరిగింది. గుమ్మంలో నిలబడితే ఐదు పొగగొట్టాలు కనపడేవి.

పదకొండో ఏట ఒక పొద్దున్న సైలస్ గుమ్మంలో నిలబడ్డాడు. పడమట సముద్రం అడ్డమొచ్చింది కాబట్టి ఈసారి తూర్పు వైపు చూస్తున్నాడు. బోయిసీ కొండల్లో బంగారం పడిందని అప్పటికి నెల రోజులుగా ఊరంతా చెప్పుకుంటోంది.

"బంగారం కోసం కాదే. అక్కడ నేల విశాలం. ఇక్కడ ఊపిరాడడం లేదు" అన్నాడు. "ఇదే ఆఖరుసారి."

తిర్జా రొట్టెపిండి పిసుకుతోంది. ఆ పని ఆపలేదు. గిన్నెల వైపు కూడా వెళ్లలేదు.

"వెళ్లిరా" అంది. "నీ సగం నీ ఇష్టం. అమ్ముకో, కౌలుకిచ్చుకో. నా సగంలో నేనూ పిల్లలూ ఉంటాం."

సైలస్ నవ్వబోయి ఆగాడు. "వేళాకోళమా? నేను లేకుండా ఇక్కడేం చేస్తావు?"

"మీ అమ్మ ఆ దారిలో ఏం చేస్తోందో అదే. ఎవరు తోలినా కదలను."

సైలస్ ఇంకోసారి తూర్పు వైపు చూశాడు. తర్వాత టోపీ తీసి, గుమ్మంలోంచి లోపలికి వచ్చి కూర్చున్నాడు.